మానిటోవాక్ కౌంటీ వెళ్లేవాళ్లకి

లాంగ్ వీకెండ్‌కి మిల్వాకీ, షికాగో నుంచి విస్కాన్సిన్‌లో మిషిగన్ సరస్సు ఒడ్డునున్న మానిటోవాక్ బయలుదేరేవాళ్లు ఇది చదవండి.

ముందు మారిటైమ్ మ్యూజియం, దాని పక్కన నదిలో ఉన్న కోబియా సబ్‌మెరైన్. రెండో ప్రపంచయుద్ధంలో ఈ ఊళ్లో 28 సబ్‌మెరైన్లు కట్టారు. నది ఇరుకు కాబట్టి వాటిని పక్కవాటుగా జార్చి నీళ్లలోకి దింపేవారు. కోబియా మాత్రం ఇక్కడ కట్టింది కాదు, కనెక్టికట్‌ది. లోపల మెట్లు నిటారుగా ఉంటాయి, గదుల మధ్య గుండ్రటి తలుపులు. ముందు కాలు అవతల పెట్టి, తర్వాత తల వంచి దూరాలి. తొందరపడితే నుదురో మోకాలో బొప్పి కడుతుంది. స్ట్రోలర్ పట్టదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి మ్యూజియం చాలు.

బొగ్గుతో నడిచే బ్యాడ్జర్ ఫెర్రీ వేసవి సీజన్లోనే. సరస్సు అవతల మిషిగన్ రాష్ట్రంలోని లడింగ్టన్‌కి సుమారు 4 గంటలు. కారుని ఫెర్రీ సిబ్బందే ఎక్కిస్తారు. దారిలో కారు దగ్గరికి వెళ్లనివ్వరు కనుక జాకెట్, వాంతుల మాత్ర, పిల్లల తిండి ముందే చేతిసంచిలో పెట్టుకోండి. అవతలి ఒడ్డున టైమ్ ఒక గంట ముందుంటుంది, హోటల్ చెకిన్ లెక్క తప్పేది ఇక్కడే.

పిల్లలుంటే పాడి, వ్యవసాయం చూపించే ఫామ్ విస్కాన్సిన్ సెంటర్ వదలొద్దు. అద్దాల వెనక ఆవులు ఈనడం చూడొచ్చు, అదృష్టం ఉంటే. పాత ఇళ్ల పైన్‌క్రెస్ట్ విలేజ్ తీరిక ఉంటేనే.

సరస్సు ఒడ్డునున్న పాయింట్ బీచ్ స్టేట్ ఫారెస్ట్‌లోకి కారు వెళ్లాలంటే ప్రవేశ స్టికర్ కొనాలి. అక్కడి రాలీ పాయింట్ దీపస్తంభం బయటినుంచే, పైకి ఎక్కనివ్వరు.