శాలువాల సంఘం వేరు, అధ్యయన సంఘం వేరు

సంపాదకులకు నమస్కారం.

సమకాలీన నాటకకర్తల పేరిట అధ్యయన సంఘాలు రావాలన్న మాట ఈమధ్య సాహిత్య పేజీల్లో వినిపిస్తోంది. తప్పకుండా రావాలి. కానీ అలా మొదలైనవి చాలావరకు రెండు మూడేళ్లకే పుట్టినరోజు సభగా మిగిలిపోతాయి. డబ్బు లేక అంటారు గానీ, సంఘం అసలు దేనికో మొదటిరోజున ఎవరూ అనుకోకపోవడమే ఎక్కువ చోట్ల కారణం.

మా దృష్టిలో మొదటి పని పాఠాన్ని నిలబెట్టడం, అంటే నాటకంలోని అసలు మాటలేవో తేల్చడం. ‘కన్యాశుల్కం’ 1897 కూర్పూ, 1909 కూర్పూ అచ్చులో ఉన్నాయి కాబట్టి గురజాడ ఏం మార్చారో పక్కపక్కన పెట్టుకుని చూడగలుగుతున్నాం. నేటి నాటికకు ఆ భాగ్యం లేదు. రచయిత రాసింది ఒకటి, నాటక సమాజం ఆడింది ఒకటి, నాటక పరిషత్తు పోటీ కోసం కుదించింది మరొకటి. పుస్తకం వస్తే గిస్తే వీటిలో ఏదో ఒకటే వస్తుంది, ఏది వచ్చిందో ముందుమాటలో ఉండదు.

తెర పక్కనుంచి నటులకు మాటలు అందించేవాళ్ల చేతిలో ఉండే ప్రాంప్టింగు ప్రతిని, పాతదొకటి తెరిచి చూడండి. గంటలో ముగించాలన్న నియమం కోసం ఎర్రసిరాతో కొట్టివేతలు ఉంటాయి. ఇంకో ఊళ్లో ఆడేటప్పుడు వాటిలో కొన్నిటిని నీలంసిరాతో మళ్లీ చేరుస్తారు. పక్కన పెన్సిల్‌తో ‘లైట్ ఆఫ్’, ‘ఫోన్ మోగాలి’. నటి దొరక్కపోతే చెల్లెలి మాటలన్నీ తమ్ముడి పేరు మీదికి మారిపోతాయి. వెనక అట్ట మీద వ్యాను బాడుగ, టిఫిన్ల లెక్క. ఆ లెక్కనూ వదలొద్దు, ఏ ఊరికి ఏ తేదీన వెళ్లారో చెప్పే ఆధారం ఒక్కోసారి అదొక్కటే.

అందుకే ఇలాంటి ప్రతిని రంగుల్లోనే స్కాన్ చేయాలి. నలుపు తెలుపులో తీస్తే ఎర్ర కొట్టివేతా నీలం చేర్పూ ఒకేలా కనిపించి, ఏది ముందో ఏది వెనకో తేలదు. అచ్చు పుటలకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) చాలు, పెన్సిల్ రాత ఉంటే 400 పెట్టండి. దాచుకునే ప్రతిని నాణ్యత తగ్గని టిఫ్ రూపంలో, చదువుకునే ప్రతిని పీడీఎఫ్‌లో ఉంచాలి. ఫోన్ యాప్‌తో తీసేవాళ్లు ఫిల్టర్ ఆపుకోవాలి. లేకపోతే అది కాగితాన్ని తెల్లగా చేసే ఉత్సాహంలో పెన్సిల్ గీతలు మాయం చేస్తుంది. ఫైలు పేరులో నాటకం, సమాజం, ఊరు, సంవత్సరం, పుట సంఖ్య ఎప్పుడూ ఇదే వరుసలో రావాలి. ‘ఫైనల్ కొత్తది 2’ అన్న ఫైలు ఏమిటో ఏడాది తిరిగేసరికి పెట్టినవాళ్లకే గుర్తుండదు. హార్డ్‌డిస్కులు రెండు కొని, రెండూ రెండు ఊళ్లలో ఉంచాలి.

ఆంగ్ల నాటకకర్త హెరాల్డ్ పింటర్ కాగితాలను బ్రిటిష్ లైబ్రరీ 2007లో 11 లక్షల పౌండ్లు పెట్టి కొన్నది, 150కి పైగా పెట్టెలు. మన దగ్గర కొనే లైబ్రరీ లేదు, పాతపేపర్లవాడు ఉన్నాడు. కాబట్టి రచయిత ఉండగానే వెళ్లాలి, సంతకం చేసిన అనుమతిపత్రంతో వెనక్కి రావాలి. రచయిత పోయాక 60 ఏళ్లు కాపీరైటు వారసులది. నాటక, సినీ రచయిత గణేశ్ పాత్రో 2015లో కన్నుమూశారు, ఆయన రచనల మీద హక్కులు 2075 చివరిదాకా ఉంటాయి. వారసులు ముగ్గురైతే ముగ్గురూ ఒప్పుకోవాలి. అనుమతిపత్రంలో కాలవ్యవధి రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగానే చూస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అమెరికాలోని తెలుగువాళ్ల కోసం పుస్తకం వేసినప్పుడు ఈ రెండో ముక్క ముల్లులా గుచ్చుకుంటుంది. టికెట్టు లేని ఔత్సాహిక ప్రదర్శనకు చట్టంలో మినహాయింపు ఉంది కదా అని అదే వీడియోను యూట్యూబులో పెట్టేస్తుంటారు, ఆ మినహాయింపు అక్కడిదాకా రాదు.

రిజిస్ట్రేషన్ పెద్ద పనేం కాదు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు చాలు. ఏటా సర్వసభ్య సమావేశం కాగానే కొత్త కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు ఇవ్వడమే చాలామంది మరిచిపోతారు. రెండు జట్లు ‘అసలు కార్యవర్గం మాదే’ అని తగువుపడి బ్యాంకువాళ్లు ఖాతా ఆపేసినప్పుడు గానీ ఆ జాబితా విలువ తెలియదు. ఆన్‌లైన్ సమావేశానికి హాజరైనవాళ్లనూ కోరంలో లెక్కిస్తామని నియమావళిలో మొదటే రాసుకోండి, సభ్యులు నాలుగు ఊళ్లలో ఉంటే దీనికి మించిన దారి లేదు.

రచయితను గౌరవాధ్యక్షుణ్ణి చేయొద్దు. చాలామందికి ఇది కటువుగా అనిపిస్తుంది. కానీ ఆయన కుర్చీలో ఉండగా ‘ఈ నాటికలో రెండో సగం తేలిపోయింది’ అని పత్రం చదివే విద్యార్థి మీకు దొరకడు. ఆయన్ని ఇంటర్వ్యూ చేయండి, రికార్డు చేయండి, రాతప్రతి మీద సంతకం తీసుకోండి. అయితే ముప్పై ఏళ్ల కిందటి ప్రదర్శన గురించి ఆయన చెప్పిన ఏడాదిని కరపత్రంతోనో ఆహ్వానపత్రంతోనో సరిచూడకుండా అచ్చువేయొద్దు. జ్ఞాపకం అబద్ధమాడకపోయినా తేదీలు కలిపేస్తుంది.

వార్షిక సదస్సుకు ఒక్క రోజు చాలు. ఎనిమిది పత్రాలు, ఒక్కోదానికి 20 నిమిషాలు, చర్చకు 10. వేదిక మీద మూడు కుర్చీలకు మించి వేస్తే సదస్సు సన్మానసభ అయిపోయినట్టే. ముఖ్య అతిథులు పదకొండింటికి వచ్చి ఒంటిగంటన్నర దాకా మాట్లాడితే, ఆర్నెల్లు శ్రమించిన పరిశోధకురాలికి భోజనాల తర్వాత అయిదు నిమిషాలు దక్కుతాయి. మరుసటి ఏడు ఆమె రాదు. శాలువాలకూ జ్ఞాపికలకూ ఖర్చు సున్నా అని బడ్జెట్‌లోనే రాసుకోవడం మేలు.

పత్రిక ఏడాదికి ఒక్క సంచిక, ఆరు ఫారాలు, అంటే 96 పుటలు. త్రైమాసికం అని ప్రకటించిన చోట రెండో సంచికకే వ్యాసాలు అయిపోతాయి. ప్రతి వ్యాసాన్నీ రాసినవాళ్ల పేరు తీసేసి ఇద్దరు పరిశీలకులకు పంపాలి, ఆరు వారాల గడువిచ్చి నాలుగో వారంలో ఫోన్ చేయాలి. ఐఎస్‌ఎస్‌ఎన్ అనే, పత్రికలను గుర్తించే అంతర్జాతీయ సంఖ్యను ఢిల్లీలో ఉచితంగా ఇస్తారు. అచ్చుకొకటి, ఆన్‌లైన్‌కొకటి, పత్రిక పేరు మారితే మళ్లీ కొత్తది. అది వ్యాసం నాణ్యతకు ముద్రేమీ కాదు. 2024 మార్చిలో అమల్లోకి వచ్చిన పత్రికల నమోదు చట్టం విద్యావిషయక జర్నళ్లను తన పరిధిలోంచి తప్పించింది కాబట్టి ఆ తిరుగుడు లేదు. గుర్తింపు పొందిన పరిశోధన పత్రికల యూజీసీ కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు. అయినా ‘మీది కేర్‌లో ఉందా’ అని అడిగే అధ్యాపకులు ఇంకా ఉన్నారు, వాళ్లకు ఓపిగ్గా చెప్పాలి.

సంఘాలు ఎప్పుడు పుట్టినా, ఇళ్లలో పాత నాటక ప్రతులున్నవాళ్లు ఈలోగా మూడు పనులు చేయొచ్చు. తుప్పుపట్టిన పిన్నులను మెల్లగా ఊడదీసి నూలుదారంతో కట్టండి. జిరాక్సు కాగితాలను ప్లాస్టిక్ కవర్లలోంచి తీయండి, అక్షరాలు కవరుకు అంటుకుంటాయి. ఎంత చిరిగినా లామినేషన్ మాత్రం చేయించొద్దు.

ఇట్లు,
నాటక అధ్యయనంలో పనిచేస్తున్న కొందరు,
గుంటూరు