ఊరు వదిలాకే ఊరిపేరు

సంపాదకులకు నమస్కారం.

జర్మన్ల ఇంటిపేర్లన్నీ వృత్తుల నుంచే పుట్టాయని మన దగ్గర చాలామంది అనుకుంటారు. మ్యుల్లర్ అంటే పిండిమర నడిపేవాడు, ష్మిట్ అంటే కమ్మరి, ష్నైడర్ అంటే దర్జీ. ఆ దేశంలో అందరికన్నా ఎక్కువగా వినబడేవి ఈ మూడే, నిజం. కానీ అదే 'అర్' చివర ఉన్నా అడెనావర్ వృత్తిపేరు కాదు. 1949లో పశ్చిమ జర్మనీకి తొలి ఛాన్సలరైన కొన్రాడ్ అడెనావర్ ఇంటిపేరులో ఉన్నది ఐఫెల్ కొండల్లోని అడెనావ్ అనే చిన్న ఊరు. అణుశాస్త్రవేత్త ఒపెన్‌హైమర్ ఇంటిపేరు రైన్ ఒడ్డున, మైన్జ్‌కీ వోర్మ్స్‌కీ నడుమ ఉన్న ఒపెన్‌హైమ్‌ది.

ఈ పద్ధతి తెలుగువారికి కొత్తేమీ కాదు. నెల్లూరు నెల్లూరి అవుతుంది, కొండవీడు కొండవీటి అవుతుంది. అక్కడా అంతే, చివర కాస్త మారుతుంది: బ్రేమెన్ వాడు బ్రేమర్, గ్యోటింగెన్ వాడు గ్యోటింగర్. ఊరే కానక్కర్లేదు, ప్రాంతమైనా సరే. మందుల పెట్టెల మీద మనం బేయర్ అని చదివేది 1863లో ఆ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకరైన ఫ్రీడ్రిష్ బాయర్ ఇంటిపేరు. బవేరియా వాడని దాని అర్థం.

అయితే బెర్లిన్‌లో ఉన్నవాణ్ని బెర్లినర్ అని ఎవరు పిలుస్తారు? అక్కడ అందరూ బెర్లిన్ వాళ్లే కదా! ఊరు వదిలి వేరే పట్నం చేరాక, అక్కడివాళ్లు పెట్టిన పేరది. 12వ శతాబ్దం నుంచి పట్నాలు పెరుగుతూ, ఒక్క వీధిలోనే నలుగురు హాన్స్‌లు పోగవుతుంటే విడివిడిగా చెప్పడానికి ఇలాంటి గుర్తులు కావలసివచ్చాయి. కాబట్టి పూర్వీకుల రికార్డులు పేరులోని ఊళ్లోనే దొరుకుతాయనుకోవడం పొరపాటు. ఎక్కువసార్లు అవి ఆ కుటుంబం వలస వచ్చి స్థిరపడిన చోట ఉంటాయి.

ఇంకో చిక్కు, ఒకే పేరున్న ఊళ్లు. నాయ్‌స్టాట్ అంటే కొత్తూరు. జర్మన్ మాట్లాడే దేశాల్లో అలాంటివి చాలా ఉన్నాయి. కొత్తపల్లివారిది ఏ కొత్తపల్లి అని మనం అడగమూ? బెర్గర్ మరీ కష్టం: బెర్గ్ అనే ఊరి నుంచి వచ్చినవాడు కావచ్చు, ఊరికే కొండ పక్కన ఇల్లున్నవాడూ కావచ్చు.

అందుకే పేరు పట్టుకుని ఊరికి పరుగెత్తకుండా, తెలిసిన చివరి తరం నుంచి ఒక్కో తరమే వెనక్కి వెళ్లాలి. 1876 జనవరి 1 నుంచి జర్మనీ అంతటా జనన, వివాహ, మరణాల ప్రభుత్వ రిజిస్టర్లున్నాయి. అంతకుముందువాటికి చాలాచోట్ల చర్చి పుస్తకాలే దిక్కు. వాటిలో ఒకే కుటుంబం పేరును ఒక్కో పాదిరి ఒక్కోలా రాశాడు. బాయర్‌నే నాలుగైదు స్పెల్లింగుల్లో వెతకాలి.

— జర్మన్ భాషా బోధకులు, తార్నాక, హైదరాబాద్