అమ్మోనియా ఎలాంటిదో ముందు ఊళ్లకు చెప్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

2025 జనవరి 8న విశాఖలో ప్రధాని అనకాపల్లి జిల్లా పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ (ఎండ, గాలి కరెంటుతో నీటిని విడగొట్టి తీసే హైడ్రోజన్) హబ్‌కు శంకుస్థాపన చేసినప్పటి నుంచి కోట్ల లెక్కలే వింటున్నాం. లక్షా 85 వేల కోట్ల పెట్టుబడి, రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్. రావాలి. విజయనగరం, శ్రీకాకుళం తీరానికి కూడా ఇలాంటి ప్లాంట్లు రావాలనే నా కోరిక. మన పిల్లలు ఇంకెంతకాలం పనికోసం చెన్నై రైలెక్కాలి? హైడ్రోజన్‌ను గాలిలోని నత్రజనితో కలిపితే అమ్మోనియా వస్తుంది. డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులకు కావలసిన ఆ అమ్మోనియాను విదేశాల నుంచి తెచ్చుకునే బాధ తగ్గితే రైతుకూ మేలే.

అయితే ఒక విషయం ఎవరూ మాట్లాడటం లేదు. హైడ్రోజన్‌ను ద్రవంగా మార్చాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లబరచాలి. అమ్మోనియాకు మైనస్ 33 చాలు. అందుకే ఓడకెక్కించే సరుకులో ఎక్కువ భాగం అమ్మోనియా రూపంలోనే ఉంటుంది. అంటే వేల టన్నుల అమ్మోనియా ట్యాంకులు మన ఊళ్ల పక్కనే నిలబడతాయి.

నేను పూసపాటిరేగ వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో కంప్రెసర్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను. అక్కడ సరుకు చల్లబరచడానికి అమ్మోనియానే వాడేవాళ్లం. గ్లాండ్ (లీకు కాకుండా బిగించే సీలు) దగ్గర కొంచెం లీకైందన్న అనుమానం వస్తే గంధకం వత్తి వెలిగించి పైపు వెంబడి తిప్పేవాళ్లం. లీకున్న చోట తెల్లటి పొగ చిక్కగా లేచేది. ఆ ఘాటుకు కళ్లు తెరవలేం, గొంతు పట్టేస్తుంది. ఆవిరి మీద నీళ్లు చల్లితే అణుగుతుంది కానీ, నేలమీద మడుగు కట్టిన ద్రవం మీద పోస్తే ఇంకా ఎక్కువ లేస్తుంది. గాలి వీచే దిక్కున పరుగెత్తకూడదు, దానికి అడ్డంగా పోవాలి. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవాలి. ఇవి మాకు తెలుసు, ఎందుకంటే పనిలో నేర్పారు. గోడ అవతల ఉన్న ఇళ్లవాళ్లకు ఎవరూ నేర్పలేదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి స్టైరిన్ అనే విషవాయువు లీకైనప్పుడు నిద్రలోంచి లేచినవాళ్లు రోడ్లమీదే పడిపోయారు. ఆ దృశ్యాలు మనమందరం టీవీలో చూశాం. ప్రమాదం జరిగితే ఏం చేయాలో చుట్టుపక్కల జనానికి ముందే చెప్పాలని 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల్లోనే ఉంది. కొత్తగా చట్టం అడగడం లేదు, ఉన్నదే అమలు చేయమంటున్నాను.

ప్రజాభిప్రాయ సేకరణకు వచ్చేటప్పుడే ఎన్ని టన్నులు నిల్వ చేస్తారో, సైరన్ ఎన్ని ఊళ్లకు వినిపిస్తుందో, ఎవరు మోగిస్తారో తెలుగులో కాగితం మీద ఇవ్వాలి. స్కూలు పిల్లలతో సహా ఏడాదికి రెండుసార్లు మాక్ డ్రిల్ చేయించాలి. దగ్గర్లోని పీహెచ్‌సీలో ఆక్సిజన్, కళ్లు కడిగే ఏర్పాటు ఉండాలి. నీటి సంగతి కూడా అదే కాగితంలో రాయాలి. కిలో హైడ్రోజన్‌కు కనీసం 9 లీటర్ల శుద్ధి చేసిన నీరు కావాలి, చల్లబరచడానికి అయ్యేది వేరే. పక్కనే సముద్రం ఉంది, ఉప్పు తీసి వాడుకోవాలి. నాగావళి, వంశధార నీళ్లలో వాటా అడగకూడదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్లాంట్ ఆపరేటర్,
పూసపాటిరేగ మండలం, విజయనగరం జిల్లా