ఒక కోను, ఒక శాలువా: మీ సూచన చీటీ మీద ఫిర్యాదు

కొనుగోలుదారుల సేవా విభాగం వారికి,

విషయం: షెనీల్ నూలుతో పంపిన సూచన చీటీలోని తప్పులు, రెండో కోనులో నూగు రాలడం

అయ్యా,

రేయాన్ షెనీల్, అంటే ఒళ్లంతా నూగుండే నూలు, రెండు నీలం కోనులు (నూలు చుట్టలు) మీ దగ్గర తెప్పించుకున్నాను. వాటిలో ఒకదానితో శాలువా నేసి పాడుచేసుకున్నాను. నా మొదటి ఉత్తరానికి మీరు "చేనేత అన్నాక చిన్న చిన్న తేడాలు సహజం" అని జవాబిచ్చారు. నేసింది నేనే, కాదనను. ఎలా నేయాలో చెప్పింది మాత్రం మీరు. కోనుతో వచ్చిన చీటీని పొల్లు పోకుండా పాటించాను.

ఆ చీటీ ఇప్పుడూ నా ఎదురుగానే ఉంది. "పడుగు అంగుళానికి 10 పోగులు. వదులుగా నేస్తే బట్ట మెత్తగా వస్తుంది. ఒక కోనుతో ఒక శాలువా." ఉన్నవి మూడు వాక్యాలు, మూడింటిలోనూ తేడా ఉంది.

20 అంగుళాల వెడల్పున 200 నిలువు పోగుల పడుగు ఎక్కించి, అడ్డంగా వేసే పేక కూడా అంతే పలచగా వేస్తూ సాదా నేత నేశాను. మగ్గం మీద ఉన్నంతసేపూ బట్ట ముచ్చటగానే ఉంది. గోరువెచ్చని నీళ్లలో ఉతికి నీడన ఆరేశాను. మర్నాడు చూస్తే అంచుకు జానెడు లోపల ఒక పోగు చిన్న ఉంగరంలా పైకి లేచి ఉంది. మొద్దుసూదితో లోపలికి నెట్టాను. దాని పక్కన ఇంకొకటి లేచింది. దాన్ని నెడితే మొదటిది మళ్లీ తలెత్తింది. వారం తిరిగేసరికి శాలువా నిండా ఉంగరాలే. షెనీల్ అంటే ఫ్రెంచి భాషలో గొంగళిపురుగు. నూలుకున్న నూగును చూసి పెట్టిన పేరది. బట్ట మీద పురుగులు పాకుతున్నట్టు ఉండాలని ఎవరూ ఆ పేరు పెట్టలేదు.

దీనికి కారణం నూలు అమ్మే మీకు తెలిసే ఉండాలి. షెనీల్‌లో సన్నని దారాలను పురిపెట్టి, ఆ మెలికల మధ్య పొట్టి నూగును ఇరికిస్తారు. ఆ పురి ఎప్పుడూ విడివడాలనే చూస్తుంది. చుట్టూ ఉన్న పోగులు బిగించి పట్టుకుంటే అణిగి ఉంటుంది, కాస్త సందు దొరికితే మెలిక తిరిగి బయటికి వస్తుంది. ఉన్ని అయితే ఉతికినప్పుడు పెనవేసుకుని సందులు తనే పూడ్చుకుంటుంది. రేయాన్ షెనీల్‌కు ఆ గుణం లేదు. అందుకే దగ్గర నేత తప్పనిసరి, పోగులు పొడుగ్గా తేలే అల్లికలు దీనికి పనికిరావు.

మెత్తదనం మాటకొస్తే, సరిగ్గా నేసిన షెనీల్ బట్ట మగ్గం దిగినప్పుడు అట్టలా బిర్రుగా ఉంటుంది. మొదటిసారి నేసినవాళ్లకు గుండె జారిపోతుంది కూడా. ఉతికి, డ్రయ్యరులో తిప్పాక మఖమల్‌లా ఒంటి మీద వాలుతుంది. వదులుగా నేసి మెత్తదనం తెచ్చుకోవాలనుకుంటే నా శాలువాలా అవుతుంది.

కిలోకు ఎన్ని మీటర్లో మీ చీటీలో లేదు. నేనే 10 మీటర్లు కొలిచి తూచాను. 3.8 గ్రాములు. అంటే 500 గ్రాముల కోనులో 1,300 మీటర్ల పైచిలుకు. ఈ మందం షెనీల్‌కు సాదా నేతలో అంగుళానికి 15, 16 పోగులు పడాలి. 20 అంగుళాలకు 320 పోగులు, మగ్గానికి కట్టడంలో పోయేదీ కలిపి ఒక్కొక్కటి 2.75 మీటర్లు, అంటే పడుగుకు 880 మీటర్లు. రెండు మీటర్ల శాలువాకు అంగుళానికి 13 చొప్పున పేకకు మరో 520. మొత్తం 1,400 అవుతుంది, కోను చాలదు. మీరు చెప్పిన 10 పోగుల లెక్కకైతే 950తో సరి. ఒక కోను చాలుతుందని చెప్పుకోవడానికే పోగులు తగ్గించారా అన్న అనుమానం నాకు గట్టిగానే ఉంది. పొరపాటు పడ్డానంటే ఎక్కడో చూపించండి, నా మాట వెనక్కి తీసుకుంటాను.

ఇక రెండో కోను సంగతి. మొదటి కోనులో మిగిలిన నూలుతో అంగుళానికి 16 పోగుల చొప్పున చిన్న నమూనా నేశాను. పోగులు ఒరుసుకోకుండా అంగుళానికి 8 సందులున్న అచ్చులో (పడుగు పోగులను విడదీసి పట్టే దువ్వెన లాంటిది) సందుకు రెండేసి చొప్పున తీశాను. ఉతికినా ఒక్క ఉంగరమూ లేవలేదు. కాబట్టి ఆ నూలును తప్పుపట్టను. రెండో కోనుతో అదే పద్ధతిలో మొదలుపెడితే జానెడు నేయకముందే అచ్చు కింద నీలం దుమ్ము కుప్పపడింది. మూరెడు పోగును బొటనవేలి గోటికీ చూపుడువేలికీ మధ్య పట్టి లాగితే నూగంతా ఊడివచ్చి బోడి దారం మిగిలింది. మొదటి కోను పోగును అలాగే లాగితే రాలింది నాలుగు వెంట్రుకలే. ఇది నా నేతలో తేడా కాదని చెప్పడానికి మగ్గం కూడా అక్కర్లేదు.

రెండో కోనుకు బదులు మంచి కోను పంపండి, మొదటి కోను ఖరీదు తిరిగి ఇవ్వండి. శాలువాకు పట్టిన రోజుల లెక్క నేను వేయడం లేదు. చీటీని మాత్రం మార్చి తీరాలి. కిలోకు మీటర్లెన్ని, నూగు దేనిది, లోపలి దారం దేనిది, సాదా నేతకు అంగుళానికి ఎన్ని పోగులు, ఎలా ఉతకాలి అన్నవి అందులో ఉండాలి. కోను చుట్టూ అంటించిన రంగుల బొమ్మ తీసేస్తే ఇవన్నీ రాయడానికి చోటు దొరుకుతుంది.

ఉతికిన నమూనా ముక్క, శాలువా అంచు నుంచి కత్తిరించిన ముక్క, రెండు కోనుల నుంచి మూరెడేసి పోగులు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. జవాబు రాసే ముందు ఆ రెండు పోగులనూ గోటితో ఒకసారి లాగి చూడండి.

ఇట్లు,
మీ నూలు కొన్న ఒక నేతరి