ఫిల్ము దానంతటదే ఎక్కుతుందని మేము చెప్పిన మాట గురించి

పాత ఇంటి సినిమా ప్రొజెక్టర్లను మా దగ్గర బాగు చేయించుకున్నవారికి, రీళ్లను డిజిటల్ చేయమని మాకు అప్పగించినవారికి ఈ లేఖ రాస్తున్నాము. గత నెలలో ఒక కుటుంబం మమ్మల్ని నమ్మి ఇచ్చిన రీలు మా బల్ల మీదే, మా చేతుల్లోనే పాడైంది. ఆ కుటుంబానికి ఆ రోజే ఫోన్ చేసి చెప్పాము. మీకూ చెప్పవలసి వస్తున్నది ఎందుకంటే, మేము చేసిన తప్పునే ఇంట్లో మీరు చేసేలా మేమే మీకు సలహా ఇచ్చి ఉన్నాము.

జరిగింది ఇది. స్కాన్ చేసే ముందు రీల్లో ఏముందో చూసుకోవడానికి దానిని ఒకసారి ప్రొజెక్టర్ మీద వేయడం మా అలవాటు. ఆ యంత్రం రెండు రకాల 8 మిల్లీమీటర్ల ఫిల్మును, అంటే 1932లో వచ్చిన రెగ్యులర్ 8ను, 1965లో వచ్చిన సూపర్ 8ను, ఒక మీట మార్చి నడిపే రకం. అంతకుముందు నడిపింది సూపర్ 8. మీట అక్కడే ఉండిపోయింది. తర్వాత వచ్చినది రెగ్యులర్ 8. రెండింటి వెడల్పూ ఒకటే కనుక యంత్రం అభ్యంతరం చెప్పలేదు. ఫిల్ము కొసను నోట్లోకి తీసుకున్నది, లోపలికి లాక్కున్నది. టకటకమని సమంగా వినిపించవలసిన చప్పుడు గరగరగా మారడం విని మేము ఆపేసరికి 41 ఫ్రేములు గేటును, అంటే బల్బు వెలుగు ఫిల్ము మీద పడే చోటును, దాటిపోయాయి. సెకనుకు 16 ఫ్రేముల లెక్కన అది రెండున్నర సెకన్ల దృశ్యం: ఒక పెద్దావిడ వెలుగు పడే కిటికీ పక్కన కూర్చుని చిన్నపిల్లకు జడ వేస్తున్నది. ఆ ఫ్రేముల అంచున చిల్లులన్నీ చీలి, పదకొండింటిలో ఆ చీలిక బొమ్మలోకి కూడా వచ్చింది.

అలా ఎందుకు చీలిందో చెబితే మిగిలినదంతా సులువుగా అర్థమవుతుంది. గేటు పక్కన క్లా అనే చిన్న కొక్కెం ఉంటుంది. అది ఫిల్ము చిల్లులో దిగి, ఒక ఫ్రేము పొడవు కిందికి లాగి, బయటికి వచ్చి, మళ్లీ పైకి వెళ్తుంది. రెగ్యులర్ 8లో చిల్లుకు చిల్లుకు మధ్య దూరం 3.81 మిల్లీమీటర్లు, సూపర్ 8లో 4.23. సూపర్ 8 చిల్లు చిన్నది కాబట్టి దాని కోసం చేసిన సన్నని కొక్కెం రెగ్యులర్ 8 పెద్ద చిల్లులో హాయిగా దూరుతుంది, కానీ వేసే అడుగు మాత్రం 0.42 మిల్లీమీటర్లు ఎక్కువ. కొక్కెం తొమ్మిది అడుగులు వేసేలోపు ఫిల్ము మీద పది చిల్లుల దూరం అయిపోతుంది. ఆ మధ్యలో కొక్కెం దిగేది చిల్లులో కాదు, చిల్లుకు చిల్లుకు నడుమ ఉన్న గట్టి ఫిల్ములో. మీట చూసుకోకపోవడం ఒక్క క్షణపు మరుపే అయినా, వారానికి ఎన్నో రీళ్లు చేతుల మీదుగా వెళ్లే పనిలో ఆ క్షణం ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ముందే ఊహించి ఉండవలసింది మేమే.

ఇక మా సలహా సంగతి. యంత్రం తీసుకువెళ్లేటప్పుడు మీలో చాలామందికి "ఇది ఆటో లోడింగ్, కొస పెడితే చాలు, దానంతటదే ఎక్కుతుంది" అని చెప్పాము. కొత్త ఫిల్ము విషయంలో అది నిజమే. లోపలి దారులు ఫిల్మును వంచి గేటుకు పైన ఒకటి, కింద ఒకటి వదులు వంకలు ఏర్పరుస్తాయి. వాటినే లూపులు అంటాము. పళ్ల చక్రాలు ఆగకుండా తిరుగుతుంటే గేటులో ఫిల్ము మాత్రం ఆగి ఆగి కదులుతుంది. ఆ తేడాను భరించేది ఈ రెండు వంకలే. లూపు పోతే బొమ్మ నిలువుగా అలికినట్టు కనిపిస్తుంది, చిల్లులు తెగడం మొదలవుతుంది. ఎన్నో ఏళ్లు డబ్బాలో ఉన్న ఫిల్ము కొస మడత పడి ఉంటుంది, అతుకులు మందంగా ఉంటాయి, కొన్ని చోట్ల చిల్లులు ముందే చిట్లి ఉంటాయి. అలాంటి కొసను మూసి ఉన్న దారిలోకి తోసి, కనిపించని చోట లూపు సరిగ్గా పడిందని నమ్మడం, నిజం చెప్పాలంటే, పందెం వేయడమే. చేత్తో ఎక్కించే పాత యంత్రాలను మొరటువని మేమే చిన్నచూపు చూశాము. వాటిలో ప్రతి మలుపూ కంటికి కనిపిస్తుంది, లూపు వేలికి తగులుతుంది.

అందువల్ల మీ ఫిల్మును చూసుకోవడం కోసం మేము ఇక ఏ ప్రొజెక్టర్‌లోనూ వేయము. చేత్తో తిప్పే వ్యూయర్‌లో చూస్తాము. స్కానరు ఎలాగూ పళ్లు లేకుండా రోలర్ల మీద నడిచేదే. ప్రతి రీలుకూ ముందు ఐదు అడుగుల తెల్ల లీడరును, అంటే బొమ్మలు లేని ఖాళీ ఫిల్మును, టేపుతో అతికిస్తాము. పాడైన ఆ రీలుకు లీడరు లేదు, ఉండి ఉంటే చిరిగేది తెల్ల ఫిల్మే. దీనివల్ల పని ఆలస్యమవుతుంది. వారంలో ఇస్తామన్న రీళ్లు రెండు వారాలు తీసుకోవచ్చు. ఇప్పటికే వరుసలో ఉన్నవారికి ఒక్కొక్కరికీ తేదీ మార్చి చెబుతున్నాము. తొందర ఉన్నవారు రీళ్లు వెనక్కి తీసుకుంటామన్నా మాకు అభ్యంతరం లేదు, కట్టిన డబ్బు పూర్తిగా ఇస్తాము.

ఇంట్లో ప్రొజెక్టర్ నడిపేవారు రీలు ఎక్కించే ముందు ముందుగా ఫిల్ము అంచును వెలుతురుకు పట్టి చూడండి. చిల్లు ఫ్రేముల మధ్య గీత దగ్గర, పెద్దదిగా ఉంటే రెగ్యులర్ 8. ఫ్రేము నడిమికి ఎదురుగా, చిన్నదిగా ఉంటే సూపర్ 8. రీలు నడిమి కన్నం పెద్దదా చిన్నదా అన్నదాన్ని మాత్రమే నమ్మకండి, ఎవరో ఎప్పుడో ఫిల్మును వేరే రీలుకు చుట్టి ఉండవచ్చు. ఆ తర్వాత కొత్త లీడరును పాత ఫిల్ము పక్కన పరచి చిల్లుకు చిల్లు ఆనించి వంద లెక్కపెట్టండి. కొత్తదాని వంద చిల్లుల పొడవులో పాతదానికి నూట ఒకటి పట్టాయంటే ఫిల్ము సుమారు వందకు ఒక వంతు కుంచించుకుపోయిందన్నమాట. దానిని ప్రొజెక్టర్‌లో వేయకండి. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటే ఫిల్ము చెడిపోతున్నదన్నమాట, లెక్కపెట్టే పని కూడా అక్కరలేదు. ఆ డబ్బాను మిగిలినవాటి నుంచి వేరు చేసి మాకు చెప్పండి.

కొసను యంత్రంలోని కత్తెరతోనే కత్తిరించండి, మామూలు కత్తెరతో అయితే చిల్లు మధ్యలో తెగే ప్రమాదం ఉంది. మొదట బల్బు వెలిగించకుండా మోటారు మాత్రమే నడిపి, లీడరు వెళ్తుండగా చప్పుడు వినండి. మధ్యలో చిక్కుకుంటే లాగవద్దు. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము అయితే తెగుతుంది, అంతకన్నా గట్టిదైన పాలియెస్టర్ అయితే అది తెగకుండా యంత్రం పళ్లు విరగవచ్చు. బల్బు వెంటనే ఆపండి, లేకపోతే ఆగిన ఫ్రేము వేడికి కరిగి మధ్యలో గోధుమరంగు బుడగ లేస్తుంది.

ఆటో లోడింగ్ యంత్రం మా దగ్గర తీసుకున్న ప్రతివారికీ 50 అడుగుల సాధన ఫిల్ము ఉచితంగా పంపుతున్నాము. దాని మీద ఏ జ్ఞాపకమూ లేదు. ఎన్నిసార్లు చిరిగినా ఫరవాలేదు. కనీసం పదిసార్లు ఎక్కించి, దించి చూశాకే మీ రీళ్లు బయటికి తీయండి. రెండు రకాల ఫిల్మూ నడిపే యంత్రాలకు మీట పక్కన అంటించడానికి ఒక ఎర్రని చీటీ కూడా ఆ పొట్లంలో ఉంటుంది. మా బల్ల మీది యంత్రానికి అది ఇప్పటికే అంటించి ఉంది.

పాడైన ఫిల్ము ముక్కను చిల్లుల టేపుతో సరిచేసి స్కాన్ చేశాము. ముప్పై ఫ్రేములు బాగానే వచ్చాయి. చీలిక బొమ్మలోకి వచ్చిన పదకొండింటిని పక్క ఫ్రేముల సాయంతో కంప్యూటర్‌లో పూరించవచ్చు, కానీ అడగకుండా అలా చేయము. ఆ కుటుంబం వద్దన్నది, చీలికలు అలాగే ఉంచమన్నది. అలాగే ఉంచి, రీలును, ఫైలును నిన్న పంపించాము.