బుజ్జి పిల్లల ఈత క్లాసులు: ఆదివారంలోగా చెప్పండి

అందరికీ నమస్కారం 🙏

ఏప్రిల్ మొదటి శనివారం నుంచి మన పూల్‌లో ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు ఈత క్లాసులు పెడదామనుకుంటున్నాం. శని, ఆదివారాలు, ఉదయం 9 గంటలకు, అరగంట. ఇంకా ముందైతే నీళ్లు జిల్లుమంటాయి. అమ్మో నాన్నో కూడా నీళ్లలోకి దిగాల్సిందే. గట్టు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటామంటే కుదరదు.

"ఇంత చిన్నప్పుడే ఎందుకండీ?" అని చాలామంది అడుగుతున్నారు. ఏడాది దాటిన పిల్లలకు నేర్పించవచ్చని అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అంటోంది. ఏడాదిలోపు వాళ్లకు నేర్పితే మునిగే ముప్పు తగ్గుతుందనడానికి మాత్రం ఆధారం లేదట. అయినా అందరు పిల్లలూ ఒకేలా ఉండరు కదా. తల మీద చెంబుడు నీళ్లు పోస్తేనే ఇల్లు పీకి పందిరేసే పిల్లాణ్ని ఇప్పుడే తేవద్దు, వచ్చే వేసవికి చూద్దాం. చెవి నొప్పి, ఫిట్స్, ఆస్తమా లాంటివి ఉంటే ముందు మీ డాక్టర్‌ని అడగండి.

చేర్పించేవాళ్లు ఆదివారం రాత్రిలోగా ఫ్లాట్ నంబర్, పిల్లల వయసు ఇక్కడే పెట్టండి. ఆరుగురు దాటితే రెండో బ్యాచ్ పెడతాం.

స్విమ్ డైపర్ తప్పనిసరి. మామూలు డైపర్ నీళ్లు పీల్చి ఉబ్బి బండలా వేలాడుతుంది.

క్లాసులో చేరినా సరే, పూల్ దగ్గర పిల్లలు మీ చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. ఇంట్లో బాత్‌రూమ్ బకెట్లు కూడా నింపి వదిలేయకండి.