తలీతాకుమీ

చిన్నీ,

మొన్న నువ్వు ఫోన్‌లో అడిగినప్పుడు పొయ్యి మీద కూర మాడుతోంది, అందుకే సరిగ్గా చెప్పలేకపోయాను. బైబిల్ మొదట ఇంగ్లీషులోనే రాశారని హాస్టల్లో ఎవరో వాదించారట కదా. ఆ అమ్మాయిని ఏమీ అనకు. సండేస్కూల్లో పాఠాలు చెప్పే రోజుల్లో నేనూ యేసుప్రభువు గ్రీకులో మాట్లాడాడనే అనుకునేదాన్ని.

పాత నిబంధన దాదాపు అంతా హెబ్రీ, అంటే యూదుల పాత భాష. దానియేలు 2:4 మధ్యలో నుంచి ఏడో అధ్యాయం చివరిదాకా, ఎజ్రాలో రాజుల ఉత్తరాలున్న చోట, యిర్మీయా 10:11 ఒక్క వచనం మాత్రం అరామిక్, హెబ్రీకి చుట్టంలాంటి భాష. కొత్త నిబంధనేమో గ్రీకు, అదీ ఆ రోజుల్లో మామూలు జనం మాట్లాడుకునే కోయినే గ్రీకు.

ఇదంతా ఎక్కడో వెతకక్కర్లేదు. నీ పెట్టెలో పెట్టిన నల్ల అట్ట తెలుగు బైబిల్ తీసి 119వ కీర్తన చూడు. ఎనిమిదేసి వచనాలకు ఒకసారి ఆలెఫ్, బేత్, గీమెల్ అని ఉంటుంది. చిన్నప్పుడు అవి మనుషుల పేర్లనుకుని, "గీమెల్ ఎవరమ్మా?" అని అడిగావు. అవి హెబ్రీ అక్షరాలు. 22 అక్షరాలు, ఒక్కోదానికి ఎనిమిది చొప్పున 176 వచనాలు. మూలంలో ఆ ఎనిమిదీ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. తెలుగులోకి వచ్చేసరికి ఆ సొగసు పోయి, అక్షరాల పేర్లు మాత్రం మిగిలాయి. పాపం అనువాదకులు మాత్రం ఏం చేస్తారు?

ఆదికాండము 31:47 ఇంకా సరదాగా ఉంటుంది. మామా అల్లుళ్లు రాజీపడి రాళ్లు కుప్ప పోశారు. లాబాను దాన్ని అరామిక్‌లో 'యగర్ శాహదూతా' అన్నాడు, యాకోబు హెబ్రీలో 'గలేదు' అన్నాడు. రెండింటికీ అర్థం సాక్ష్యపు కుప్ప అనే. రాజీ కుదిరినా ఎవరి భాష వాళ్లదే!

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మార్కు 5:41. యేసుప్రభువు ఇంట్లో, వీధిలో మాట్లాడింది అరామిక్. మార్కు రాసింది గ్రీకులో. అయినా యాయీరు కూతురు, ఆ పన్నెండేళ్ల పిల్ల చెయ్యి పట్టుకుని ఆయన అన్న మాట దగ్గరికి వచ్చేసరికి మార్కు దాన్ని మార్చలేదు. 'తలీతాకుమీ' అని ఉన్నది ఉన్నట్టే రాసి, పక్కన అర్థం చెప్పాడు. మనవాళ్లూ దాన్ని అలాగే ఉంచారు. 'ఎప్ఫతా' (తెరుచుకో అని), 'అబ్బా' కూడా అంతే. నొప్పి పుట్టినప్పుడు మనం అనే 'అబ్బా' కాదే, నాన్నని పిలిచే మాట. ఆరాధనలో పాస్టర్‌గారు అది చదివినప్పుడల్లా నువ్వు కిసుక్కున నవ్వేదానివి, నేను తొడ గిల్లేదాన్ని.

స్కూలు రోజుల్లో నిన్ను లేపుతూ నేను అన్న "తలీతాకుమీ" ఇదే. చిన్నదానా, లే అని. దుప్పటి ముసుగులోంచి "ఇంకో అయిదు నిమిషాలు" అనేదానివి. ఇప్పుడు పొద్దున్నే ఏడింటికి క్లాసంటున్నావు, అలారం రెండుసార్లు పెట్టుకో.

అమ్మ